పాఠశాల సభలో గృహిణి

బజారునుండి తెచ్చిన వంకాయలలో రెండు పుచ్చులున్న యెడల, మరునాడా కూరలమ్మిని నిలువదీయక మానము. పాలలో నీరు హెచ్చినచో పాలు పోయువానితో ఆ యుదయమే తగవు. కుట్టుటకిచ్చిన రవిక బిగువైనచో విప్పించి మరల కుట్టించుదుము. ఇన్ని చిన్న సంగతులయందు ఇంత మెలకువ గల మనము, కడుపున బుట్టిన బిడ్డ దినమునకు ఆరు గంటలు గడుపు బడినిగూర్చి మాత్రము అడుగుట యరుదు. అచ్చట త్రాగు నీరెట్టిది? పప్పు చిక్కనా, పలుచనా? మరుగుదొడ్డికి తలుపున్నదా? అయిదు తరగతులకు పంతుళ్లెందరు? ఈ ప్రశ్నలు మనకు తోచక కాదు. బడి గడప దాటి లోనికి పోవుట మన పని కాదను తలంపు తరతరములుగా మనకు అలవడి యున్నది.

ఆ యలవాటునకు కారణము లేకపోలేదు. 1874వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పినప్పుడు, ఆడుపిల్ల బడికి పోవుటయే వింత. 1920లో చెన్నరాజధానిలో ప్రాథమిక విద్యా చట్టము పుట్టి, జిల్లాకొక విద్యా కౌన్సిలు ఏర్పడినది. ఆ మరుసటి సంవత్సరమున, అనగా 1921లో, ఆ రాజధాని శాసనసభ స్త్రీలకు ఓటొసగుటకు అంగీకరించినది; కాని ఆస్తిపాస్తులు గలవారికే ఆ భాగ్యము. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారును, లక్ష్మీబాయమ్మగారును గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. 1959 నాటి చట్టముతో జిల్లా పరిషత్తులు వెలసి, జిల్లా బోర్డుల యున్నత పాఠశాలలు వాని చేతికి వచ్చినవి. ఇంతకాలమును బడిని గూర్చిన నిర్ణయములు ఎక్కడనో జరుగుచుండెను. పలక కొని యిచ్చుట, జడ వేసి పంపుట, ఇవియే తల్లి వంతు.

ఇప్పుడు చట్టమే మనలను లోనికి పిలుచుచున్నది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. దాని 21వ సెక్షను ననుసరించి ప్రభుత్వపు బడికొక యాజమాన్య కమిటీ యుండవలెను. అందలి సభ్యులలో నాలుగింట మూడు వంతులకు తక్కువ గాకుండ తలిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బడి నడచు తీరును కనిపెట్టుట, బడి యభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన సొమ్ము ఎట్లు వ్యయమైనదో చూచుట దాని విధులు. మన ఆంధ్ర ప్రదేశమున తరగతికి ముగ్గురు చొప్పున తలిదండ్రుల నెన్నుకొందురు. వారు తమలో నొకరిని అధ్యక్షునిగాను, ఒకరిని ఉపాధ్యక్షునిగాను ఎన్నుకొందురు. ప్రధానోపాధ్యాయుడు కార్యనిర్వాహకుడుగా నుండును. గడువు రెండేండ్లు.

2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగినప్పుడు మేమును నిలిచితిమి. మాది కాలువ క్రింది పల్లె. మా వారు పొరుగూరి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా చిన్నది అప్పుడు మా యూరి ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి చదువుచుండెను. ఆ బడిలో పిల్లలు 48 మంది, ఉపాధ్యాయులు ఇద్దరు. అరువది మంది వరకు ఇద్దరే యని చట్టము చెప్పుచున్నది గనుక లెక్క సరియే. కాని అయిదు తరగతులను ఇద్దరు పంచుకొనిన యెడల, ఒక తరగతికి పాఠము జరుగునప్పుడు తక్కినవి చూచివ్రాత వ్రాయుచుండును. ఇది పంతుళ్ల లోపము కాదు.

ఉపాధ్యాయుల బిడ్డను ప్రభుత్వపు బడికి పంపుటయే మా వీథివారికి విడ్డూరము. ప్రతి యుదయమును పసుపుపచ్చ బస్సొకటి వచ్చి, మెడపట్టీలు కట్టుకొనిన పిల్లలను పట్టణపు ప్రయివేటు బడికి తీసికొని పోవును. ఆ బస్సునెక్కువారిలో మగపిల్లలే మిక్కిలి. ఒకే యింట కుమారుడు బస్సునెక్కుటయు, కుమార్తె సంచి తగిలించుకొని ఊరి బడికి నడచుటయు మేము కన్నులార చూచుచున్నారము. ఇంట సొమ్ము కొలదిగా నున్నప్పుడు ఎవరి చదువు ముందు, ఎవరి చదువు వెనుక యనునది తలిదండ్రులు నోట జెప్పరు, బస్సు చెప్పును. కావున ఊరి బడి బాగోగులు ముఖ్యముగా ఆడుపిల్లల బాగోగులు. మేము నిలుచుటకు ఇదియే మొదటి కారణము.

అడ్డంకులు ఇంటనుండియే మొదలయ్యెను. మా అత్తగారు, "సభలకెక్కినదానికి సందెదీపము పెట్టు తీరిక యుండునా, అమ్మాయీ?" అనిరి. ఇరుగుపొరుగువారిలో కొందరు, "మాస్టరుగారి భార్య కమిటీలో చేరినచో పంతుళ్ల తప్పులు కప్పివేయును" అనిరి. మా వారి స్నేహితులైన ఉపాధ్యాయులలో కొందరు దానికి సరిగా ఎదురు మాట పలికిరి: "ఇంటి గుట్టు తెలిసినవారు, మా లోపములు పదిమందిలో ఎత్తి చూపుదురు." ఈ రెండవ మాట మా వారిని నొప్పించినది. ఒకే శాఖలో కొలువు చేయువారికి తోటివారి ముఖము చూడవలసి యుండును గదా! ఆ రాత్రి భోజనములైన పిమ్మట వారితో, "మీకు ఇబ్బంది యైనచో నిలువము" అంటిమి. వారు కొంతసేపాలోచించి, "బడిలో నేను పంతులును, నీవు తల్లివి. తల్లి యడిగినదానికి జవాబు చెప్పలేని బడి నాదైనను, మరియొకరిదైనను ఒకటే. నిలువుము" అనిరి. ఆ మాటతో మాకు ధైర్యము కలిగినది.

ఎన్నిక యన్నంతనే కరపత్రములు, ఊరేగింపులు తలపునకు వచ్చును. ఇచ్చట అవి యేవియు లేవు. తలిదండ్రులు బడి వరండాలో కూర్చుందురు; పేరు చదివినప్పుడు చేతులెత్తుదురు. రెండవ తరగతికి ముగ్గురు కావలసి యుండగా నలుగురము నిలిచితిమి. మాకును, మరి యిద్దరికిని చేతులు లేచినవి. అయిదు తరగతులకు కలిసి పదునేవురము లోపలి గదిలో కూర్చుంటిమి. అందు స్త్రీలే హెచ్చు. అయినను అధ్యక్షపదవికి ఎవరి పేరు చెప్పవలెనో ఊరి రచ్చచెట్టు క్రింద ముందే నిశ్చయమై యుండెను. ఆయన బడికి గోడలు కట్టించు పనులు పట్టువాడు. పని పట్టువాడే లెక్క చూచువాడైన యెడల లెక్క యెవరు చూతురు?

మమ్ము నిలువుమని కొందరు తల్లులు కోరిరి. మాస్టరుగారి యింటివారు అధ్యక్షులైనచో బడి మరల మాస్టర్లదే యనిపించుకొనును గాని తలిదండ్రులది కాజాలదని తలచి, మేము మరియొక తల్లి పేరు చెప్పితిమి. ఆమె కూలికి పోవునది. ఇద్దరు ఆడుపిల్లలు మా బడిలోనే చదువుచున్నారు. బడిచదువు లేకున్నను, డ్వాక్రా సంఘములో పదిమంది పొదుపులెక్క ఆమె నోటనే యుండును. ఏ నెల ఎవరు ఎంత కట్టిరో రూపాయి తేడా లేక చెప్పగలదు. తన పేరు వినగానే ఆమె, "అమ్మగోరూ, నాకు సదువు రాదు; నన్ను పెద్దను జేత్తే నలుగురూ నవ్వరా?" అనెను. "లెక్క వచ్చును గదా, అది చాలును. చదువుటకు మేమున్నారము" అంటిమి. ఎనిమిది చేతులు ఆమెకును, ఏడు ఆయనకును లేచినవి. నవ్వినవారు నవ్విరి. ఆమె మాత్రము నవ్వక కొంగు నడుమునకు బిగించుకొని కుర్చీలో కూర్చుండెను.

తొలి సమావేశముననే రిజిస్టరు సంగతి వచ్చినది. చాలచోట్ల కమిటీలు నడచు రీతి యిది: ఒకరు రిజిస్టరు పట్టుకొని యింటింటికి వచ్చెదరు, ఇంటనున్న స్త్రీ తడిచేయి తుడుచుకొని, చూపిన చోట సంతకము చేయును, లేదా ఆమె పేర భర్త చేయును. పైన ఏమి వ్రాసిరో, అసలు వ్రాసిరో లేదో ఎవరు నెరుగరు. మా యొద్దకును రిజిస్టరు వచ్చినది. పుట సగము ఖాళీ. అప్పుడు మాకు బాల్యమున తండ్రిగారు ఇంటియొద్ద చెప్పిన సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. కురుసభలో ద్రౌపది ధర్మము లేదని యేడ్చుటకు ముందు ఒక లెక్క యడిగెను: ధర్మరాజు ముందుగా ఓడినది తన్నా, ఆమెనా? ఏది ముందు, ఏది వెనుక యను నంత చిన్న ప్రశ్నకు అంతటి పెద్దలును తలలు వంచుకొనిరి. "పదిమందిలో స్త్రీ యడుగవలసినది కన్నీటితో గాదమ్మా, క్రమము తెలిసి యడుగవలెను" అని మా తండ్రిగారు చెప్పెడివారు. మేమును అదియే యడిగితిమి: "వ్రాత ముందా, సంతకము ముందా?" ప్రధానోపాధ్యాయులకు కొంత కోపము వచ్చిన మాట నిజము. వారిని తప్పుపట్టుటకు మేమడుగలేదు. పైవారు కోరిన కాగితములు నిండుటకు వారు పడు తొందర మా యింటను ఎరిగినదే. నాటినుండి మాత్రము తీర్మానము వ్రాసినపిదప బిగ్గరగా చదువుటయు, అధ్యక్షురాలు తలయూపిన తరువాతనే సంతకములు చేయుటయు నియమమైనది. భార్యకు బదులు వచ్చిన భర్తలకు మంచినీరిచ్చి, వరండాలో కూర్చుండబెట్టి, భార్యలకు కబురంపుచున్నారము.

సోదరీమణులకు ఒక సంగతి చెప్పవలెను. కమిటీలో మనకు అన్నిటికన్న పనికివచ్చు విద్య వంటయింటి విద్యయే. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీముకోర్టు బడులలో వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించినది. ప్రాథమిక పాఠశాల బిడ్డకు పూటకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు అని కొలత. మా బడిలో 48 మందియు వచ్చిననాడు 4 కిలోల 800 గ్రాముల బియ్యము, 960 గ్రాముల పప్పు, 2 కిలోల 400 గ్రాముల కూరగాయలు ఉడుకవలెను. ఈ లెక్కకు పెద్ద చదువు కావలయునా? కిలో పప్పు కొలతకును, అరకిలో పప్పు కొలతకును ఎసరెంత భేదమో మనకు గిన్నె చూడగనే తెలియును. వారమునకొక తల్లి వంతు చొప్పున వెళ్లి, పిల్లలతో కూర్చుండి తిని, పుస్తకములో రెండు మాటలు వ్రాయుటకు ఏర్పాటు చేసితిమి.

మొదటి నెలలో పప్పు పలుచన యని నలుగురు తల్లులు వ్రాసిరి. వంట చేయు స్త్రీలను గద్దింపుడని కొందరనిరి. అధ్యక్షురాలు ఒప్పుకొనక, తానే పోయి వారి ప్రక్క కూర్చుండి యడిగినది. సంగతేమనగా, వంటవారికి రావలసిన బిల్లులు నెలల తరబడి రాలేదు. కిరాణాకొట్టులో అప్పు పెరిగి, కొట్టువాడు పప్పు తూచుటకు వెనుదీయుచున్నాడు. వంటవారు మనవంటి యింటివారే. తమ చెవులకమ్మలు కుదువబెట్టి ఊరి బిడ్డలకు వండుచున్నారు. కమిటీ తీర్మానము వ్రాసి, తేదీలతో లెక్కజోడించి పై కార్యాలయమునకు పంపినది. రెండుమారులు పోయి యడిగినది. బిల్లు కొంత వచ్చినది, పప్పు కొంత చిక్కబడినది. మా అత్తగారు ఇప్పుడు సమావేశమునుండి వచ్చిన వెంటనే, "పప్పు సంగతేమైనది?" అని యడుగుదురు. సందెదీపము వారే పెట్టుచున్నారు.

ఇక అన్నిటికన్న బరువైన సంగతి 2025 తొలి నెలలలో వచ్చినది. మూడు, నాలుగు, అయిదు తరగతులను పొరుగూరి బడితో కలిపి, అచ్చట ఆదర్శ ప్రాథమిక పాఠశాలగా చేయుదురనియు, అచ్చట తరగతికొక ఉపాధ్యాయుడుండుననియు, కమిటీ యభిప్రాయము తెలుపవలెననియు మాకు చెప్పిరి. పొరుగూరు మాకు రెండు కిలోమీటర్లు. నడుమ నాలుగు వరుసల పెద్ద రహదారి, లారీలకు విరామముండదు. మా చిన్నది జూనునెలలో మూడవ తరగతికి రావలసినది గనుక ఈ సంగతి మా గుండెకును తగిలినదే.

దీనిలో న్యాయము రెండువైపుల గలదు. తరగతికొక పంతులనునది చిన్న మాట కాదు. మా వారు ఇంట, "అయిదు తరగతులు ఇద్దరు చెప్పు బడిలో అయిదేండ్లు చదివి మా ఉన్నత పాఠశాలకు వచ్చువారిలో, తెలుగు వాక్యము తడబడక చదువలేనివారు కలరు, ఆ బిడ్డల తెలివి తక్కువై కాదు, వారికి దొరకిన గడియలు తక్కువై" అనిరి. స్కూటరు గల మావంటి యింటివారికి రెండు కిలోమీటర్లు దూరము గాదు. మాకు అనుకూలమైనది చూచుకొన్నచో ఔనని చేయెత్తుటయే లాభము.

సమావేశమున అధ్యక్షురాలు ఒక మాట యడిగెను: "నాట్లప్పుడు మేం కోడి కూసేలకి సేలోకి పోతాం. పెద్దది సిన్నదానికి జడేసి, సెయ్యి పట్టుకొని బడికి తీసుకొస్తది. రేపు పెద్దది ఆ ఊరు, సిన్నది ఈ ఊరు అయితే, సిన్నదానికి సెయ్యి ఎవరిత్తారు? పెద్దదాన్ని రోడ్డు ఎవరు దాటిత్తారు? ఇద్దరినీ ఇంటికాడే ఉండమంటాం." గదిలో ఎవరును మాటాడలేదు. ప్రాథమిక పాఠశాల బిడ్డకు నడక దూరములో, కిలోమీటరులోపల, ఉండవలెనని నియమము పెట్టినవారు ఈ చేయిపట్టుకొను సంగతి తలచియే పెట్టి యుందురు. పంతులెంత మంచివాడైనను, బిడ్డ బడికి రానిచో ఎవరికి చెప్పును?

రెండు గంటలు తర్కించితిమి. కలుపవలెనన్నవారి మాటను మేము త్రోసివేయలేదు. కడపట పదునొకండుగురు ఒప్పుకొనిన తీర్మానము మేము వ్రాసితిమి: పిల్లలను దాటించుటకు ఆయాతోగూడ వాహనమేర్పడువరకు తరగతులు కదలరాదు, ఉన్నచోటనే మూడవ ఉపాధ్యాయుని ఇయ్యవలెను, రహదారిని గూర్చియు, దూరమును గూర్చియు అధికారులు స్వయముగ వచ్చి చూడవలెను. పొరుగూరి బడిలో పనిచేయు ఉపాధ్యాయుడొకరు మా వారితో కొన్నాళ్లు మాటాడలేదు. అందుకు మా వారు ఇంట ఒక్కమాటైన అనలేదు, అది మేమెరుగుదుము.

జూనులో బడి తెరచినప్పుడు తరగతులు కదలలేదు. మూడవ పంతులును రాలేదు. మా చిన్నది మూడవ తరగతిలో, ఇద్దరు పంతుళ్ల నడుమ, సగము పూట చూచివ్రాత వ్రాయుచునే యున్నది. మేము గెలిచితిమా యని అడిగినచో, సగము గెలిచితిమని చెప్పవలెను. తక్కిన సగమునకు ప్రతి సమావేశమునను అదే తీర్మానము మరల వ్రాయుచున్నారము. మా యింట సాయంకాలము మేమును, మా వారును కొందరు పిల్లలను కూర్చుండబెట్టుకొని గుణింతములు, ఎక్కములు చెప్పుచున్నారము. అది బడికి బదులు కాదు, బడి నిండువరకు ఊతకఱ్ఱ మాత్రమే.

సోదరీమణులారా! మీ బిడ్డ చదువు బడికిని ఇట్టి కమిటీ యుండియుండును. బహుశః మీ పేరును అందులో నుండవచ్చును. ఒకమారు పోయి విచారింపుడు. ఉన్న యెడల, చదువని కాగితముపై సంతకము చేయకుడు. లేని యెడల, గడువు తీరి మరల ఎన్నిక వచ్చునాడు ఆ వరండాలో మీరుండవలెను. నిలుచుటకు మనసొప్పనిచో నిలిచిన తల్లికి చేయి యెత్తుడు. నెలకొక పూట బడిలో పిల్లలతో భోజనము చేయుడు. మీ తల్లుల ఖాతాలకు ప్రభుత్వము వేయు సొమ్ములో రెండువేల రూపాయలు బడి నిర్వహణకై ఉంచుకొన్నట్లు 2025లో విన్నారు గదా. ఆ సొమ్ముతో మరుగుదొడ్డికి నీరు వచ్చినదా, చీపురు వచ్చినదా యని యడుగుడు. పంతుళ్లపై కోపముతో గాక, బిడ్డపై మమతతో అడుగుడు. మంచి పంతులు అట్టి ప్రశ్నకు సంతసించును.

వచ్చే సమావేశము ఈ నెల మూడవ శనివారము. అధ్యక్షురాలికి ఆనాడు కూలి యున్నది. అందుచే సభ సాయంకాలము ఆరు గంటలకు మార్చితిమి.